ఇంకా చెయ్యలే

గిద్దలూరు రోడ్డు మలుపులో ఫ్లెక్సీ మీద ఆయన బొమ్మ కనబడింది. దాటిపోయాను. పెట్రోలు బంకు దాకా పోయాక అనుమానం వచ్చి స్కూటీ వెనక్కి తిప్పుకొని వచ్చాను. ఆయనే. మెడ చుట్టూ ఎప్పుడూ ఉండే ఎర్ర తువ్వాలు లేదు. ఎవరి పెళ్లిలోనో తీసిన ఫోటో అయ్యుంటుంది, తెల్లచొక్కా గుండీలు గొంతు దాకా పెట్టుకొని ఇబ్బందిగా నవ్వుతున్నాడు. కింద పెద్దకర్మ తేదీ వేశారు. అది జరిగి అప్పటికే నాలుగు రోజులైంది.

ఫోటో పక్కన పేరుంది. అది చదివేదాకా ఆయన అసలు పేరేంటో నాకు తెలియదు. మాకందరికీ ఆయన గొర్ల కాంపౌండరు. మా నాయన ఆయన్ని "బావా" అని పిలిచేవాడు కాబట్టి నాకు మామ అయ్యాడు, అంతకు మించి చుట్టరికం ఏమీ లేదు. ఆ పేరు ఇక్కడ రాయను. ఒకసారి రాస్తానంటే ఆయనే వద్దన్నాడు.

ఆఫీసు పని మీద నెలరోజులు బెంగళూరులో ఉండి ఆ వారమే మార్కాపురం వచ్చాను. దుకాణానికి పోయి నాయనను అడిగాను.

"నీకు చెప్పలేదా నేను?" అన్నాడు నాయన, చేతిలో మందు డబ్బా అట్లనే పట్టుకొని. "గుండెపోటమ్మా. పొద్దున బండి తీయబోతా కూలబడినాడంట. నీకు చెప్పినాననే అనుకున్నా."

మాది పశువుల మందుల దుకాణం. పెద్దారవీడు అవతల, కొండల వైపు ఒక ఊళ్లో పశువుల ఆసుపత్రిలో మామ కాంపౌండరు. మార్కాపురం వచ్చినప్పుడల్లా దుకాణంలో కాసేపు కూర్చొని పోయేవాడు. బండి వెనక టీకాల ఐసు డబ్బా, దాన్ని సైకిలు ట్యూబుతో కట్టేవాడు. ఎండలో బండి నిలబెట్టాల్సి వస్తే తువ్వాలు తీసి ఆ డబ్బా మీద కప్పి, తను ఉత్త నెత్తితో తిరిగేవాడు.

ఆయన్ని తలుచుకుంటే ముందుగా చేతులు గుర్తొస్తాయి. కుడిచేతి బొటనవేలి గోరు నల్లగా ఉండేది, ఎప్పుడో పొట్టేలు తొక్కింది. మెట్టు దగ్గర చెప్పులు విడిచి, చేతులు తుడుచుకుంటే గాని మా దుకాణం కంప్యూటరు కీబోర్డు ముట్టుకునేవాడు కాదు. ఫోన్ తాకబోయే ముందు, పుస్తకంలో పేజీ తిప్పేవాళ్లలాగా వేలు నాలుకకు తగిలించుకునేవాడు.

"మామా, తడి తగిలితే అది పనిచెయ్యదు."

"రికార్డులు రాసీ రాసీ అలవాటైపోయింది పాపా" అని నవ్వి, మళ్లీ అదే చేసేవాడు. తెర కదలకపోతే "జరుగు, జరుగు" అని గొర్రెను అదిలించినట్టు దాన్ని అదిలించేవాడు.

నేను బెంగళూరు కంపెనీకి ఇంటి నుంచే పనిచేస్తాను. అది కడుపు కోసం. ఇష్టం కోసం చేసేది ఇంకొకటి ఉంది. ఏ రోజు ఏ పని చెయ్యాలో రాసుకోవడానికి ఒక ప్రోగ్రాం. ఎవరైనా ఊరికే తీసుకోవచ్చు, దాని కోడ్ చూడొచ్చు, కావాలంటే మార్చుకోవచ్చు. ఒకతను కేరళలో, ఒకామె పోలండులో, ఇంకొకతను ఎక్కడుంటాడో ఎప్పుడూ చెప్పలేదు, వాళ్లతో కలిసి నేను దాన్ని చేస్తున్నాను. ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. అందులో నా వంతు, అది అన్నిరకాల యంత్రాల్లోనూ పనిచేసేట్టు తయారుచెయ్యడం. విండోస్‌కు ఒకటి, లినక్స్‌కు ఒకటి, మ్యాక్‌కు ఒకటి, ఫోన్లకు ఒకటి. కొత్త మార్పు వచ్చినప్పుడల్లా అన్నిటికీ విడివిడిగా తయారుచేసి, సరిచూసి, వెబ్‌సైటులో పెట్టాలి. ఎవరి కంటికీ కనిపించే పని కాదు. ఏదో ఒకచోట పనిచెయ్యకపోతేనే మనం గుర్తొస్తాం.

దుకాణం కంప్యూటర్లో నాయన కోసం పెట్టినదాన్ని ఒకరోజు మామ చూశాడు.

"ఏంది పాపా ఇది?"

చెప్పాను. తెర మీదికి వంగి, ఏ మందు ఎప్పుడు తెప్పించాలో నాయన రాసుకున్న వరుసలన్నీ పెదాలు కదుపుతూ చదివాడు.

"నా పనులు కూడా పడతాయా దీంట్లో?"

"ఎన్నైనా పడతాయి మామా."

"ఆసుపత్రిలో ఒక ముసిలి కంప్యూటరుంది. పాత విండోసు. దాంట్లో?"

"దాంట్లోనూ వస్తుంది."

"మా పాప చదువుకునేటప్పుడు కొన్న లాప్‌టాప్ ఒకటి ఇంట్లో పడుంది. నువ్వే ఏదో ఎక్కించిస్తివే, పెంగ్విన్ పక్షి బొమ్మది."

"లినక్స్. వస్తుంది. నీ ఫోన్లో కూడా వస్తుంది."

అప్పుడు నన్ను చూసిన చూపు నాకు బాగా గుర్తు. పుల్లలచెరువు వైపు నుంచో, యర్రగొండపాలెం వైపు నుంచో ఎవరైనా దుకాణానికొచ్చి, మందు దొరకదేమోనని భయపడుతూ అడిగి, ఉందని తెలిశాక చూసే చూపు. ఏ వారం ఏ ఊళ్లో ఎవరి మందకు కడుపులో పురుగులు పోయే నట్టల మందు తాపాలి, ఎవరికి టీకా వెయ్యాలి, అంతా ఆయన తలలోనూ, చొక్కా జేబులో చీటీల్లోనూ ఉండేది. కొండ కింది ఊళ్లలో సిగ్నల్ ఉండదు. అందుకే ఇంటర్నెట్ లేకుండా, జాబితా మొత్తం ఒకే ఫైల్లో ఉండేట్టు చేసిచ్చాను. దారిలో ఫోన్లో రాసుకునేవాడు. ఆసుపత్రికొచ్చి ఫోన్ వైరు తగిలించి ఆ ఫైలు ముసిలి కంప్యూటర్లోకి ఎక్కించేవాడు. ప్రింటరు ఆ ఒక్క కంప్యూటరుకే ఉంది. గరగరమని అచ్చయిన కాగితాన్ని తలుపు పక్కన గోడకు అంటించేవాడు. గొర్లకాపరులు వచ్చి తమ ఊరి పేరు చూసుకొని పోయేవాళ్లు. చదువు రానివాళ్లు ఎవరినైనా పిలిచి చదివించుకునేవాళ్లు.

పనులను కూడా గొర్రెల్లాగా జతల్లో లెక్కపెట్టేవాడు. "ఈ పొద్దు మూడు జతలు, ఒక ఒంటిది" అంటే ఆరోజు ఏడు పనులున్నాయని అర్థం.

ఆ ప్రోగ్రాంలో కనిపించే తెలుగు మాటలు కూడా చాలావరకు ఆయన పెట్టినవే. మొదట నేను నిఘంటువు చూసి పెట్టాను. ఒక్కో పనికి 'కార్యం' అని పెట్టాను. అది చూసి తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వాడు.

"కార్యమంటే మాకు ఒకటే కార్యం పాపా, పెండ్లయినాక చేసేది. రోజుకు ఏడు కార్యాలంటే ఎవురి వల్ల అయితాది? పని అను, చాలు."

నాయన సిగ్గుపడి సరుకు సర్దే నెపంతో లోపలికి పోయాడు.

రోజు దాటిపోయినా చెయ్యకుండా మిగిలిన పనులు ఎర్రరంగులో వస్తాయి. వాటి మీద 'గడువు మీరినవి' అని ఉండేది. అది ఆయనకు అసలు నచ్చలేదు.

"ఇది బ్యాంకోళ్లు నోటీసు పంపినట్టుంది. తప్పు చేసినోడికి చెప్పినట్టు ఎందుకమ్మా? ఇంకా చెయ్యలే, అంతే గదా. అట్లనే రాయి."

అట్లనే రాశాను. 'ఇంకా చెయ్యలే'. ఈ రోజుకూ ఆ ప్రోగ్రాంను తెలుగులో వాడేవాళ్లకు అదే కనిపిస్తుంది. మాటలు ఎవరు పెట్టారో చివర్లో రాస్తాం, నీ పేరు చెప్పమన్నాను.

"వద్దు తల్లీ. పని మానుకోని కంప్యూటర్లు చేస్తున్నాడని పైవోళ్లు మెమో ఇస్తారు" అన్నాడు. వేళాకోళానికి అంటున్నాడనుకున్నాను గానీ, రెండోసారి అడిగినా అదే చెప్పాడు.

ఒక చలికాలం పొద్దున ఆయన వెంట పోయాను. ఎండలో ఫోన్ తెర కనబడటం లేదని ఆయన అంటుంటే, చూసి సరిచేద్దామని. కొండ కింద పిచ్చమ్మవ్వ దొడ్డి అది. ఆమె ఒక్కతే నలభై గొర్రెలను సాకుతోంది. ఆరోజు పారుడు రోగానికి, అంటే గొర్రెలకు అంటుకునే విరేచనాల జబ్బుకు, టీకా. అవ్వ గొర్రెను పట్టుకోవడం, మామ చర్మం ఎత్తి సూది వెయ్యడం, వేసినదాని వీపు మీద ఎర్రరంగు గీత గియ్యడం. మాట్లాడుతూనే ఉన్నాడు గాని చెయ్యి ఒక్కసారి కూడా తడబడలేదు.

అన్నీ అయిపోయాక మూలన ఒక ముసలి గొర్రె మిగిలింది. కుంటిది.

"దానికెందుకులే కాంపౌండరూ" అంది అవ్వ. "రేపో మాపో పోయేదే. మందు దండగ."

"పోయేదాకా ఉంటాది గదా పిచ్చమ్మా" అన్నాడు ఆయన. దాని దగ్గరికి తనే పోయి, మోకాళ్ల మీద కూర్చొని సూది వేశాడు. లేచి నావైపు తిరిగి, "మందలో ఒకదాన్ని వదిలితే రోగం దాన్ని పట్టుకోని కూసుంటాది పాపా. మళ్లా అన్నిటికీ వస్తాది" అన్నాడు. నేనప్పుడు ఫోన్లో వెలుగు ఎంత పెంచాలో చూసుకుంటున్నాను. ఊ కొట్టాను.

ఆ తర్వాతి వేసవిలో మా ప్రోగ్రాంలో పెద్ద మార్పు వచ్చింది. జాబితాను దాచుకునే పద్ధతే మారింది. కొత్త పద్ధతి పాత విండోస్‌లో పనిచెయ్యాలంటే దానికోసం విడిగా కొంత రాయాలి. నాకు రెండు రోజుల పని. ఒక రకం యంత్రం తగ్గితే నా చాకిరీ అంత తగ్గుతుంది. కేరళ అతను అందరికీ ఒక ప్రశ్న పెట్టాడు. "ఈ పాత విండోస్ మీద ఇంకా ఆధారపడినవాళ్లు మీకెవరైనా తెలుసా? తెలిస్తే ఉంచుదాం."

నాకు తెలుసు. ఆ కంప్యూటరు ముందు కూర్చొని టీ కూడా తాగాను. దాని మూలుగు వినపడుతున్నట్టే ఉంది. ఆ నెల కంపెనీ పనితో ఊపిరాడటం లేదు. "నాకు తెలిసి ఎవరూ లేరు" అని రాశాను. రాసి, ఆ పాత విండోస్‌ను నా చేతులతోనే మా ప్రోగ్రాం నడిచే యంత్రాల జాబితా నుంచి తీసేశాను.

తీసేస్తే ఏమవుతుందో కూడా నాకు తెలుసు. మామ ఫోన్లోది దానంతట అదే కొత్తదైపోతుంది. ఆసుపత్రిలోది పాతదిగానే ఉండిపోతుంది. ఫోన్లో రాసుకున్న ఫైలును అది తెరవలేదు.

పది రోజులకు మామ దుకాణానికి వచ్చాడు. చెప్పులు విడిచాడు. చేతులు తుడుచుకున్నాడు.

"పాపా, ముసిల్ది అలిగింది. ఫోన్లోది ఎక్కిస్తుంటే చదవలేనంటాంది. నేనేమన్నా తప్పు నొక్కినానా?"

తప్పు నొక్కలేదని చెప్పాను. అంతవరకే చెప్పాను. "కొత్త మార్పు వచ్చింది మామా. దానికి వేరేగా చెయ్యాలి. ఈ ఆదివారం చేసిస్తా."

"తొందరేం లేదులే. నీ పనులు చూసుకో. వానలకు ముందు అయితే చాలు."

ఆ ఆదివారం చెయ్యలేదు. తర్వాతి ఆదివారం కనిగిరిలో పెళ్లి. ఆ తర్వాతిది గుర్తులేదు. మామ మధ్యలో రెండుసార్లు దుకాణానికి వచ్చి, నేను లోపల ఆఫీసు మీటింగులో ఉన్నానని తెలిసి, పిలవొద్దని నాయనకు చెప్పి వెళ్లిపోయాడు.

వానలకు ముందు అని ఆయన ఎందుకన్నాడో, అది ఎంత పెద్ద మాటో మందుల దుకాణంలో పెరిగినదాన్ని నాకు తెలియకపోదు. తొలకరి పడి లేతగడ్డి మొలిస్తే గొర్రెలు ఆబగా మేస్తాయి. అప్పుడే చిటుకు రోగం వస్తుంది. పొద్దున బాగున్న గొర్రె మధ్యాహ్నానికి పడిపోతుంది. మందు వేసే వ్యవధి ఉండదు. వానలకు ముందే టీకా పడాలి.

ఆ ఏడు మామ జాబితా అంతా ఫోన్లో చూసి చేత్తో కాగితం మీదికి ఎక్కించాడు. ఎన్నో ఊళ్లు, ఎన్నో దొడ్లు. ఎక్కించేటప్పుడు ఒక వరుస తప్పింది. ఆ వారం ఆయన వేరే ఊళ్లకు పోతూ, కాగితం ఇచ్చి తోటి ఉద్యోగిని కొండ వైపు పంపాడు. కాగితంలో లేని దొడ్డికి అతను పోలేదు. అది పిచ్చమ్మవ్వ దొడ్డి. వాన పడిన వారానికి తొమ్మిది గొర్రెలు పోయాయి.

ఈ సంగతి మామే చెప్పాడు. ఆరోజు చెప్పులు విడవలేదు. మెట్టు కిందే నిలబడ్డాడు.

"ఒక మందను మర్సిపోయినా బావా" అన్నాడు నాయనతో. "ఇన్నేండ్ల సర్వీసులో ఎప్పుడూ లేదు. ఫోన్లో ఉంది, చూసినా. కాగితంలోకి ఎక్కియ్యలే. కండ్లు పోయినాయో, ఏమైనాదో నాకు."

"అందరికీ జరుగుతాది బావా. లోపలికి రా, కూచో" అన్నాడు నాయన.

"అందరికీ జరగదు."

నేను కంప్యూటరు ముందు ఉన్నాను. ఆయనకూ నాకూ మధ్య మూడడుగుల దూరం. మామా, నీ కళ్లు బాగానే ఉన్నాయి, ఆ కాగితం రాయాల్సిన అవసరం నీకు రాకుండా ఉండాల్సింది, అది నా వల్ల వచ్చింది అని చెప్పాలి. చెబుదామని కుర్చీ వెనక్కి జరిపాను కూడా. ఆయన నావైపు చూసి, నా ముఖంలో ఏం కనిపించిందో, "నువ్వు బాధపడబాకు పాపా. నీ దాంట్లో ఏం తప్పు లేదు. అది సరిగ్గానే చూపించింది" అన్నాడు.

ఆ మాటతో నాకు తప్పించుకునే దారి దొరికింది. తప్పించుకున్నాను.

ఆ తర్వాత కూడా వచ్చేవాడు. మందులు తీసుకొని నాయనతో నాలుగు మాటలు మాట్లాడి వెళ్లేవాడు. కంప్యూటరు వైపు రాలేదు. చొక్కా జేబులోకి మళ్లీ చీటీలు వచ్చాయి. ఒకరోజు నేనే అడిగాను, "మామా, ఆసుపత్రిదానికి చేసివ్వమంటావా, రెండు రోజుల పనే" అని. "ఎందుకులే తల్లీ, నేనింక చేత్తోనే రాసుకుంటా, ఒకటికి రెండుసార్లు చూసుకుంటా" అన్నాడు. కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది, నోరు తెరవడానికి నాకు సందు దొరికేది. ఈసారి ఆయన చేతిని చూశాను. చీటీ తీయడానికి వేలు నాలుకకు తగిలించుకున్నాడు. చీటీలోని వరుసలను ఆ వేలితో ఒకటికి రెండుసార్లు తడిమాడు.

ఫ్లెక్సీ చూసిన మర్నాడు కంపెనీకి సెలవు పెట్టాను. పాత విండోస్ కోసం రాయాల్సింది రాశాను. రెండు రోజుల పని అనుకున్నది ఒకటిన్నర రోజులో అయిపోయింది. ఒకటిన్నర రోజు. మా గుంపుకు కూడా రాశాను. అప్పుడు ఎవరూ లేరని చెప్పాను, అది అబద్ధం, ఒకాయన ఉండేవాడు, ఇప్పుడు లేడు అని. పోలండు ఆమె మాత్రం ఒక్క వాక్యం జవాబు రాసింది, దాన్ని మళ్లీ జాబితాలో చేర్చమని. చేర్చాను.

పెన్‌డ్రైవ్‌లో వేసుకొని ఆసుపత్రికి పోయాను. కొత్తగా వచ్చినతను మర్యాదగానే మాట్లాడాడు.

"ఆ కంప్యూటరా మేడం? అది ఆన్ కాక శానా రోజులైంది. మూలన పెట్టినాం. మాకిప్పుడు ట్యాబులు ఇచ్చినారు."

కంప్యూటరు మీద మందుల అట్టపెట్టెలు పేర్చి ఉన్నాయి. తలుపు పక్కన గోడకు పాత టేపు ముక్కలు మాత్రం మిగిలాయి. పెన్‌డ్రైవ్ సంచిలోంచి తియ్యనే లేదు.

అక్కడి నుంచి ఇంటికి రావాల్సింది. రాలేకపోయాను. బండి కొండ వైపు పోనిచ్చాను.

పిచ్చమ్మవ్వ దొడ్లో గొర్రెపిల్లలను తల్లుల దగ్గరికి వదులుతోంది. నన్ను గుర్తుపట్టడానికి కొంచెంసేపు పట్టింది.

"మందుల శెట్టి కూతురివి గదా. కాంపౌండరుతో వచ్చినావు ఒకసారి."

"అవునవ్వా. నీకొక మాట చెప్పి పోదామని వచ్చినా. పోయినేడు నీ మందకు టీకా తప్పింది చూడు, అది మామ తప్పు కాదు. నాది."

ఆమెకు అర్థం కాలేదు. నిలబడే విడమరిచి చెప్పాను. ఆయన పనులు రాసుకునేది నేను చేసినదని, ఆసుపత్రి కంప్యూటర్లో అది పనిచెయ్యకుండా చేసింది నేనేనని, చేసిస్తానని చెప్పి చెయ్యలేదని, అందుకే ఆయన చేత్తో రాసుకోవాల్సి వచ్చిందని. కంప్యూటరు సంగతి ఆమెకు ఎంత తలకెక్కిందో తెలియదు. చెయ్యాల్సింది చెయ్యలేదన్నది మాత్రం బాగా అర్థమైంది.

"ఈ మాట ఆయనకు చెప్పినావా?"

"లేదవ్వా."

"తెలిసీ చెప్పలా?"

"తెలిసీ చెప్పలా."

చేతిలో ఉన్న గొర్రెపిల్లను కిందికి దింపింది. అది తల్లిని వెతుక్కుంటూ పోయేదాకా చూసింది.

"గొర్లు చచ్చిన పొద్దు గుంత ఆయనే తవ్వినాడమ్మా. నాకు మనుషులుండారు, నువ్వు తవ్వబాకు అంటే వినలా. ఆ తర్వాత ఈ దారిన పోయినప్పుడల్లా బండి ఆపేటోడు. గొర్లు బాగుండయా పిచ్చమ్మా అని అడిగేటోడు. అడుగుడే గాని, తల ఎత్తి నా మకం చూసేటోడు కాదు. నేను ఏమన్నా అనింటే గదా. ఒక్క మాట కూడా అనలేదు." కర్ర చేతిలోకి తీసుకుంది. "నువ్వు ఆ పొద్దే చెప్పింటే, ఆయన తల ఎత్తుకోని పోయేటోడు గదమ్మా."

దొడ్డికి అడ్డంపెట్టిన ముళ్లకంప ఆమె పక్కకు లాగితే గొర్రెలు ఒకదాన్నొకటి తోసుకుంటూ బయటికొచ్చాయి. వాటికి దారిస్తూ నేను అంచుకు జరిగి నిలబడ్డాను. మంద అంతా పోయాక, వెనక నడవబోతూ ఆమె ఆగింది.

"వానలు దగ్గరికొచ్చినాయి. కొత్తాయన టీకా ఎప్పుడేస్తాడో నీకేమన్నా తెలుసా?"

"తెలియదవ్వా. ఇప్పుడే పోయి కనుక్కొని చెప్తా."

సరే అన్నట్టు తల ఊపింది గాని, నా మాట నమ్మినట్టు లేదు. కర్ర భుజాన వేసుకొని మంద వెనకే పోయింది. నేను బండి తిప్పుకొని ఆసుపత్రి దారి పట్టాను.